లోకనాథం కట్టిన నల్లకారు

"ఇదేటి, పెద్ద బ్రెమ్మవిద్దేటి అజయ్? ఇలాటి కార్లు నాను కల్లు మూసుకుని కట్టీగల్ను. ఏదీ, ఆ పెట్టె ఇలగియ్యి," అన్నాడు లోకనాథం, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

అజయ్ ఇవ్వలేదు. పెట్టెను ఒళ్లోకి ఇంకొంచెం లాక్కున్నాడు. దాని మూత మీద పొడుగాటి నల్లకారు బొమ్మ ఉంది. కేబుల్లో తరచూ వచ్చే డబ్బింగు సినిమాలో హీరో నడిపే కారు అది. పలాసలో ఆ సినిమా చూడనివాడు లేడు. పెట్టె లోపల మాత్రం కారు లేదు. సన్నటి ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని చిన్నచిన్న ముక్కలున్నాయి. వాటిని విడదీసి, అతికించి, కారు కట్టుకోవాలి. ఓడ మీద పనిచేసే అజయ్ అన్న దిలీప్ దాన్ని సింగపూర్‌లో కొన్నాడు. కట్టుకునే తీరిక దొరక్కుండానే మళ్లీ ఓడెక్కాల్సి వచ్చి, "నానొచ్చేసరికి ఇది కారై ఉండాలిరా" అని తమ్ముడి చేతిలో పెట్టి వెళ్లాడు. వచ్చే నెల దిగుతున్నాడు. ఇలాంటిది ఇంకొకటి విశాఖపట్నంలో వెతికినా దొరకలేదు.

"పాడైపోతే మా అన్న మొకం సూడలేను మావా. అందుకే బయ్యమేత్తంది. నీకు నిజంగా వొచ్చా?"

లోకనాథం జీడిపప్పు ఫ్యాక్టరీలో మేస్త్రీ. పప్పును రకాలుగా ఏరే పని అతని అజమాయిషీలో జరుగుతుంది. సాయంత్రం పని దిగాక రత్నాలమ్మ టీకొట్టులో కూచుంటాడు. అక్కడ అతని నోటి మీద ఎవరి అజమాయిషీ ఉండదు.

"వొచ్చా అంటాడేటి! ఇనుకో. ఆ పెద్ద తుపానొచ్చిన ఏడు అక్కుపల్లిలో మా తోడల్లుడి ఇంటికెల్లినాను. పొద్దున్నే ఒడ్డున వల లాగుతంటే నానూ ఓ సెయ్యేసినాను. సేపల మద్దిన ఓ పెట్టె, ఏ ఓడ మీంచి పడిపోనాదో గాని, అచ్చం నీ పెట్టే అనుకో. ఇప్పితే ఏటున్నాయి? ముక్కలు! ఇదే కారు! ఆల్లకి సేపలు గావాల గాని ముక్కలెందుకు, నాకిచ్చీసినారు. ఇంటికి తెచ్చి, ఎండబెట్టి, జీడిసెట్టు బంకతో అతికించినాను. నల్లరంగు ఎక్కడిదంటావా, జీడిపిక్క నూనె. సేతులు బొబ్బలెక్కిపోనాయి. అయితే ఏటి, కారులో మొకం సూసుకోవొచ్చు."

"ఇంతవరకూ బాగానే ఉన్నాది," అన్నాడు గోపాలరావు. వజ్రపుకొత్తూరు నుంచి కొబ్బరికాయల లోడు తోలుకొచ్చే డ్రైవరు అతను. లారీ పక్కన పెట్టి టీకి దిగాడు.

"ఆ తరవాత ఏటైందో తెలుసా? పాడైపోయిన గడియారంలో మిసను తీసి దానికి బిగించినాను. అరసేతిలో పట్టే కారు గదా, గదిలో ఓ సుట్టు తిరుగుతాది అనుకున్నాను. కీ ఇచ్చి ఒగ్గీసరికి గుమ్మం దాటీసింది, ఈది దాటీసింది, నాను సైకిలెక్కి దాని ఎనకాల, అది హైవే ఎక్కీసింది! ఆరన్ కొడతంటే లారీలు పక్కకి తప్పుకున్నాయి. టెక్కలి దాకా ఎక్కడా ఆగనేదు."

"నాను ఆ రోడ్డు మీదే తిరుగుతాను బావా, ఎప్పుడూ అగపడనేదే! అయినా అంత సిన్నకారుకి ఆరనేటి?"

"అసలు కారుకి ఉన్నాదా నేదా? మరి దీనికీ ఉంటాది. సినిమాలో కారుకి ఏటేటున్నాయో అన్నీ పెట్టినాను. లైట్లు పెట్టినానా, ఆ లైట్ల సంగతి బావనపాడు రేవులో అడుగు, సెప్తారు. టెక్కలిలో ఆగుతాదనుకుంటే అటు తిరిగిపోనాది. ఎందుకు తిరిగిందో నాకు తెల్దు, దానికే తెలియాల. అప్పుడు సముద్రం మీద మంచు, ఒడ్డు కానక పడవలన్నీ అక్కడక్కడే తిరుగుతన్నాయి. ఇది ఇసకలో నిలబడి లైటేసింది. అంతే! పడవలన్నీ వరసగా ఒచ్చీసినాయి. ఒక్కటి మాత్రం ఇంజను పాడై ఉండిపోనాది. ఇదేటి సేసింది? నీల్ల మీదికి దిగిపోనాది."

"నీల్ల మీద నడిసిందా?" అన్నాడు గోపాలరావు.

"నడవనేదు, పరిగెట్టింది! తాడు కట్టి పడవని ఒడ్డుకి లాగీసింది. పడవలో మనుసులున్నారు, బుట్టల్నిండా వంజరం సేపలున్నాయి. ఆల్లు దండాలెట్టి నాకో పెద్ద సేప ఇయ్యబోతే, ఒద్దులే బాబూ అని ఒచ్చీసినాను."

రత్నాలమ్మ పాలగిన్నెలో గరిటె ఆపింది. "కారు సముద్రం మీద పరిగెట్టిందంటే సరే అనుకున్నాను. నువ్వు సేప ఒద్దన్నావంటే మాత్రం నమ్మను లోకనాదం."

అందరూ నవ్వారు. లోకనాథం నవ్వలేదు. ఆ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా చూసి మళ్లీ అందుకున్నాడు.

"ఆ కబురు ఎక్కడిదాకా ఎల్లింది? అమెరికా! ఆ సినిమా తీసేవోల్లు మా ఇంటి ముందు దిగినారు. ఆల్ల అసలు కారు మొరాయించీసిందట, షూటింగు ఆగిపోనాదట, నీ కారు ఇయ్యి బాబూ అని ఒకటే బతిమాలడం."

"ఉండు మావా," అన్నాడు అజయ్. "సినిమా తియ్యకుండానే ఆ సినిమా బొమ్మకారు నీ వలలో ఎలగ పడింది?"

"యాపారం తెల్దు నీకు. ముందు బొమ్మలు సేసీసి ఓడకెక్కిత్తారు, తరవాత తీరిగ్గా సినిమా తీత్తారు. రైలు మీంచి ఎగిరి దూకుతాది సూడు, అది నా కారే! కెమేరా దగ్గరగా పెడితే పెద్దగా అగపడతాది."

"మరి లోపల హీరో కూకునున్నాడు గదా బావా? అరసేతిలో కారులో ఎలగ పట్టినాడు?"

"ఆడూ నా సేతిపనే! మినపపిండితో సేసినాను. కల్లకి ఆవగింజలు."

"పిండిబొమ్మ మాటలాడిందా?"

"అక్కడే ఉన్నాది కిటుకు. నోరు ఓ పక్క, మాటో పక్క! నోరు మూసుకున్నాక కూడా మాటొత్తది, ఎప్పుడూ సూడనేదా? అది మడిసి నోరైతే అలగెందుకుంటాది?"

గోపాలరావు ఒప్పుకోక తప్పలేదు. డబ్బింగు సినిమా కదా, అందులో మాటలు అలాగే ఉంటాయి.

అజయ్‌కి కూడా నవ్వొచ్చింది. అయినా ఆలోచించాడు. సముద్రాన్నీ సినిమావాళ్లనీ కొట్టిపారేసినా, జీడిబంకతో అతికించడం, చేతులు బొబ్బలెక్కడం ఊరికే నోటికొచ్చే మాటలు కావు. కోతలన్నీ తీసేసినా మొదటి ముక్క నిజమై ఉండాలి. మూత తీసి, కారు ఎలా కట్టాలో బొమ్మలతో చూపించే రంగుకాయితం తన దగ్గరుంచుకుని, పెట్టె లోకనాథం ముందు పెట్టాడు.

"జాగర్త మావా. మా అన్నకి అదంటే పేనం."

"నీకెందుకు!" లోకనాథం పై చట్రం తీశాడు. అతని వేళ్లు నిజంగానే చురుకైనవి. పటపటమని ముక్కలన్నీ తుంపేశాడు. పప్పు మీద పొట్టు ఊదినట్టు ఒకసారి ఊది, ఫ్యాక్టరీలో జీడిపప్పును ఏరినట్టే పెద్దవీ, మధ్యరకానివీ, చిన్నవీ బల్ల మీద మూడు కుప్పలు పోశాడు. "ఇవి గుండు. ఇవి బద్ద. ఇది నూక. ముందు రకం ఏరుకుంటే సగం పని అయిపోనట్టే." ఫ్యాక్టరీలో పిక్క తొక్కల్ని పొయ్యిలోకి విసిరే అలవాటున్న చెయ్యి, ఖాళీ చట్రాన్ని రత్నాలమ్మ బొగ్గుల పొయ్యిలోకి విసిరేసింది. గుప్పుమని ప్లాస్టిక్ వాసన లేచింది.

లోకనాథం రెండో చట్రం మీద చెయ్యి వేసేసరికి అజయ్ దాన్ని లాగేసుకున్నాడు. అప్పుడు కనబడింది. ప్రతి ముక్క పక్కనా, చట్రం కాడ మీద చిన్న అంకె ఉంది. కాయితంలో బొమ్మల పక్కనా అవే అంకెలు. ఏ ముక్క ఎక్కడ అతకాలో చెప్పేది ఆ అంకె ఒక్కటే. తుంపిన ముక్కల మీద ఏమీ లేదు.

"మావా, అంకెలు కాడల మీదున్నాయి," అన్నాడు. కుప్పలు అతని ముందుకు తోశాడు. "ఇందులో ఏ ముక్క ఏటో సెప్పు."

లోకనాథం కుప్పలోంచి ఒక ముక్క తీశాడు. వెలుతురుకి పట్టి చూశాడు, తిప్పి చూశాడు, మళ్లీ కుప్పలో పెట్టాడు. గోపాలరావు లారీ తాళాలు తీసుకున్నాడు గానీ లేవలేదు. రత్నాలమ్మ పటకారుతో పొయ్యిలో కెలికింది. నల్లటి ముద్ద ఒకటి పైకి వచ్చింది.

"ఏటీ... ఇది గావాల, తలుపు..." అన్నాడు లోకనాథం. కుప్పలోంచి ఇంకో ముక్క తీశాడు.

అజయ్ ఆ మూడు కుప్పల్నీ చేతిరుమాల్లోకి ఎత్తి మూటకట్టాడు. మిగిలిన చట్రాలు పెట్టెలో సర్ది, మూత పెట్టి, లేచాడు.

"మా అన్న వచ్చే నెల దిగుతాడు మావా. ఈ కత మాత్రం ఆడికి నువ్వే సెప్పాల. ఏటీ కలపకుండా."