దండెం మీది పూల్ కర్ర

"నాయినమ్మా, పొయ్యి మీద దండేనికి కట్టిన ఆ నల్లకర్ర ఏటే? విల్లు కాదు, గెడ కాదు. వంకరగా ఉంది."

అదా? అదో సిన్న ముచ్చట. పొయ్యి మీద అంబలి దిగేలోపు సెప్పీస్తాను. ఫోన్లో రికార్డింగు పెట్టావా? పెట్టు. మధ్యలో అడ్డం రాకు మరి.

అది మీ సిన్నతాత డొంబ్రుది. మీ తాతకి సొంత తమ్ముడు. యాభై దాటాయి, ఇంకా జీపు అద్దంలో తల దువ్వుకుంటాడు. దువ్వడానికి ఏటుందని అడక్కు. పూల్ ఆడే కర్ర అది. జంక్షన్లో సన్యాసి రేకుల షెడ్డులో ఆకుపచ్చ గుడ్డ పరిసిన పెద్ద బల్ల సూసుంటావు, ఆరు కన్నాలుంటాయి. టూరిస్టుల కోసం గదులు కట్టిన ఆసామి ఒకడు వ్యాపారం సాగక మూసీసి, బల్లని కొండ దింపలేక సన్యాసికి ఒగ్గేసి ఎలిపోయాడు. సన్యాసి జీపు తోలతాడు. పాడేరు దాకా పన్నెండు మందిని ఎక్కించి, పదమూడో వాడిని సర్దుకోమంటాడు. ఆ సర్దుడు సేతుల్తోనే బంతుల్ని కన్నాల్లోకి తోసీస్తాడు. వాడిని ఎవడూ గెలవలేదు.

ఇటుకల పండగ నీకు తెలుసు కదా. సైత్రంలో మగోళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి ఎల్లేవోళ్ళు. ఏదో ఒకటి కొట్టి తెస్తే డప్పులు, పాటలు. ఉత్తసేతుల్తో వచ్చినోడికి మా ఆడోళ్ళ పేడనీళ్ళు. ఊరి మొదట్లోనే కుండలు పట్టుకు నిలబడేవోళ్ళం. మొదటి సెంబు ఎప్పుడూ నాదే. ముప్పై ఏళ్ళయింది, గురి తప్పలేదు. మీ తాతని నాలుగుసార్లు తడిపాను. ఏటీ అనలేదు. ఆయనెప్పుడూ ఏటీ అనడు, అదే నాకు భయం.

మా అత్త మాత్రం గొప్పది. అంటే మీ తాత వాళ్ళమ్మ. ఒక ఏడు మావ విల్లు సూసుకోమని ఆవిడకి అప్పజెప్పాడు. ఆవిడ సంతకి ఎల్లి వర్షంలో ఆరుబయట మరిసిపోయింది. అప్పట్లో సంతంటే మరి, రెండు రూపాయిలకి కోడిపుంజు వచ్చేది, ఉప్పు కుంచంతో పోసేవోడు, బేగి రావాలని ఎవరికుంటది? నారి నానిపోయింది, మావ ఉత్తసేతుల్తో వచ్చాడు. పెద్దలు కూకుని ఒక మాటన్నారు. ఆయుధం ఇంట్లో సెడితే నీళ్ళు వేటగాడికి కాదు, దాన్ని కాసినోళ్ళకి అని. మా అత్తని తడిపీసారు. నేను కొత్త కోడల్ని, పడీపడీ నవ్వాను. మూడు రోజులు ఆవిడ నాకు అడుగంటిన అంబలే పోసింది. సరే, అదెందుకిప్పుడు.

ఏటి సెప్తన్నాను? ఆ, కర్ర. ఇప్పుడు వేటేటి? ఫారెస్టోళ్ళు ఊరుకోరు. ఊరుకున్నా కొట్టడానికి కుందేలుండాలి కదా. అలాగని పండగనాడు మగోళ్ళు ఇంట్లో కూకుంటే మా పేడనీళ్ళు ఏటవ్వాలి? అందుకని ఊరంతా అనుకున్నాం, పండగనాడు సన్యాసి బల్ల మీద ఆడాలి, ఓడినోడికి నీళ్ళు. డొంబ్రు వరసగా మూడేళ్ళు తడిసాడు. మూడోయేడు తెల్లసొక్కా ఏసుకొచ్చాడు, తెల్లసొక్కా మీద పొయ్యరనుకున్నాడు పాపం. ఆ సొక్కా ఇప్పటికీ పచ్చగానే ఉంది. ఆడి పెళ్ళాం కూడా నవ్వింది. అది మాత్రం ఆడికి గుచ్చుకుంది. నాలుగోసారి తడవనని దేవత గుడి కాడ మొక్కుకుని, ఫోన్లో సొంత కర్ర తెప్పించాడు.

పండగకి తొమ్మిది రోజులుందనగా అరకు నుంచి ఆటోలో వచ్చింది పార్సిలు. పొడుగు సంచీ, జిప్పు. లోపల రెండు ముక్కలు, మధ్యలో మర తిప్పి కలపాలి. నచ్చకపోతే వారంలో వెనక్కి తీసుకుంటారంట. డొంబ్రు దాన్ని పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు మీ తాత కాడికి తెచ్చాడు.

"అన్నా, నువ్వే సూడాలి. ఊళ్ళో విల్లులన్నీ నీ సేతి మీద ఎల్లినియ్యే."

మీ తాత కర్ర ఎత్తి కంటికి ఆనించి ఒక కొస నుంచి రెండో కొసకి సూసాడు. ఒక కన్ను మూసి సూడాలి కదా. ఆయన ఎడమకన్నుకి పువ్వేసింది, మూసే పని లేదు. ఆ కొస నుంచి మళ్ళీ ఈ కొసకి సూసాడు. డొంబ్రు సెమటలు కారుస్తన్నాడు.

"దొర్లించి సూడాలి," అన్నాడు ఆకరికి.

బడి అరుగు మీద దొర్లించారు. కర్ర గబగబా దొర్లి కాలవలో పడింది. వంకరే వంకర అని జనం. ఆ అరుగు కట్టించింది మీ పెదబాబే, మీ నాన్నకి అన్న. అరుగే వాలు, దాని మీద బడిపంతులు గ్లాసు పెట్టినా కాలవలోకే పోద్ది. అది ఎవడికీ గుర్తు రాలేదు.

"సదునుగా ఉన్నది ఊళ్ళో సన్యాసి బల్లొక్కటే," అన్నాను నేను.

సన్యాసి సేతులు కట్టుకు నిలబడ్డాడు. "నన్ను ఓడించే కర్రని నా బల్ల మీదే పరీక్ష సేస్తారేటి మావా?"

"నువ్వు ఓడిపోతావని నీకు తెలిసిపోయిందన్నమాట," అన్నాను.

దాంతో ఒప్పుకున్నాడు. మగోడి సేత పని సేయించడం ఎంతసేపు.

బల్ల మీద దొర్లిస్తే కర్ర కొస పైకి లేస్తంది, దిగుతంది, కొస కింద వెలుగు కనిపిస్తంది. డొంబ్రు మొహం సూడాలి. వెనక్కి పంపీస్తానన్నాడు. మీ తాత మర విప్పి ఏ ముక్కకి ఆ ముక్క దొర్లించాడు. రెండూ నీళ్ళ మీద ఆకులా ఎల్లాయి. అంటే కర్రలు మంచియ్యే, కలిసే కాడే తేడా. మర కన్నంలో పార్సిలు తాలూకు తెల్ల తెర్మాకోల్ ముక్క, సోడిగింజంత ఇరుక్కునుంది. నా జాకెట్టు పిన్నీసు ఇచ్చాను, తీసాడు. మళ్ళీ బిగించి దొర్లిస్తే ఇంక వెలుగు లేదు. అతుకు మీద గోరు నడిపితే ఎక్కడా తట్టలేదు. కర్ర అడుగుని నేలకి తట్టి సెవి పెట్టి విన్నాడు, గరగర లేదు. సివర తోలుబిళ్ళని బొటనేలుతో నొక్కితే నొక్కినంతే లేచింది. సన్యాసి కూడా దగ్గరకొచ్చి సూసి, తన కర్ర తుడుసుకోడానికి ఎల్లాడు.

"బాగుంది. పంపకు," అన్నాడు మీ తాత. ఆ నెలలో అదే ఆయన పొడుగు మాట.

డొంబ్రు ఏడుపొక్కటే తక్కువ. "వదినా, మా ఇంట్లో మేకపిల్లలు తోలుబిళ్ళ నమిలీస్తాయి. పండగ దాకా నీ ఇంట్లో ఉంచు, నువ్వే సూసుకోవాలి," అన్నాడు. సరే అన్నాను.

మరి సూసుకోవాలి కదా. కొత్తకర్ర ఇంటికొస్తే మనం ఏటి సేస్తాం? విల్లుకైనా, పిల్లనగోవికైనా, గొడ్డలి పిడికైనా ఒకటే పద్ధతి. వలిసెనూనె పట్టించి పొయ్యి మీద దండేనికి కట్టి పొగ పట్టిస్తాం. పురుగు దగ్గరికి రాదు. మా నాన్న కట్టిన గొడ్డలి పిడి ఇంకా ఉంది సూడు. నేను రెండు ముక్కలికీ నూనె దట్టంగా పట్టించాను, తోలుబిళ్ళకి కూడా, ఎండిపోద్దేమో అని. ఎనిమిది రోజులు పొగ పెట్టాను. మీ తాత రోజూ అన్నం తింటా పైకి సూసీవోడు. ఏటీ అనలేదు. నేనూరుకున్నానా? డొంబ్రు కర్రకి నా సేతి పొగ పడతంది, ఇంక సూడండని పదిళ్ళలో సెప్పాను.

పండగనాడు దించితే సన్నముక్క కొడవలంత కాకపోయినా, నీ కనుబొమ్మంత వంగింది. నల్లగా నిగనిగలాడతంది. డొంబ్రు దాన్ని సూసి కూలబడ్డాడు. సన్యాసి తన కర్ర ఇస్తానన్నాడు. ఆడి కర్రతో ఆడి మీద గెలిస్తే గెలుపేటి అన్నాడు డొంబ్రు. పొగరు మాత్రం పొగపెట్టకుండానే ఉంది ఆడికి.

ఆట మొదలైంది. బంతి మీద జారకుండా తోలుబిళ్ళకి నీలం సుద్ద రాస్తారు, నూనెకి అది అంటదు. కొట్టిన ప్రతిసారీ జారిపోతంది. మూడోదెబ్బకి తెల్లబంతి బల్ల దాటి పక్కనున్న టీకొట్టు శెనగపిండి బేసిన్లో పడింది. అది కడిగి తెచ్చేసరికి సన్యాసి మనసులో ఆట అయిపోయింది. నిజంగా అవడానికి ఇంకో పావుగంట పట్టింది.

డొంబ్రు బయటికొచ్చి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పాతసొక్కానే ఏసుకున్నాడు ఈసారి. ఆడోళ్ళం వరసకట్టాం. నేను ముందు. సెంబు ముంచాను.

అప్పుడు మీ తాత లేచాడు. "మా అమ్మనాడు పెద్దలు ఏటన్నారో గుర్తుందా?" అని అడిగాడు.

అందరికీ గుర్తుంది. ఎందుకుండదు, ఏటేటా ఆ కథ సెప్పి నవ్వించింది నేనే. కర్ర ఎవరింట్లో ఉందో, ఎవరు నూనె రాసారో కూడా పదిళ్ళకీ తెలుసు.

డొంబ్రు ఆ ఏడు తడవలేదు. బల్ల కాడ ఓడిపోయి పొడిగా ఇంటికి ఎల్లినోడు మన ఊళ్ళో వాడొక్కడే. మర్నాడొచ్చి, "నువ్వు సూసుకున్న కర్ర నువ్వే ఉంచుకో వదినా," అని ఇచ్చి ఎల్లాడు.

ఆ పండగనాడు మొదటి సెంబు నా నెత్తిన మీ తాత పోసాడు. గురి బాగుంది.

అంతే తల్లీ. నువ్వు సల్లగా ఉండు, నీ సేతిలోది ఎప్పుడూ వంగకుండా ఉండు గాక. ఏటా వాసన? అంబలి అడుగంటినట్టుంది... మీ తాతకి ముందు పోసెయ్యి, ఏటీ అనడులే.