ఛాసిస్‌లో ఇసుక

సునామీ వచ్చి ఎనిమిదేళ్లయింది. దీవిలోని బ్రూక్షాబాద్ మెకానిక్ షెడ్డులో మేస్త్రీ పాత పికప్ బాడీ విప్పి పక్కన పెట్టి, అడుగు చట్రానికి, అదే ఛాసిస్‌కి, పట్టిన తుప్పును ఇనుప బ్రష్‌తో గీకుతున్నాడు. బండి గలావిడ స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

“ఏటి భయ్యా, ఆపీసేవు?”

“ఛాసిస్ లోపలంతా బోలు కదా దీదీ. సుత్తితో కొడితే కన్నాల్లోంచి ఇసక రాలతంది. ఈ బండి సునామీలో మునిగిందా?”

“మునిగింది. ఆ ఆదివారం పొద్దున్న మా ఆయన హట్‌బే జెట్టీకి కూరగాయలేసుకెళ్లింది దీంట్లోనే. కొబ్బరితోటలో బండి దొరికింది. మనిషి దొరకలేదు. ఇన్నాళ్లూ దీన్ని టార్పాలిన్ కిందే ఉంచీసేను.”

“అరే, మాఫ్ కరో దీదీ, నాకు తెలీదు. మరి కర్మ చేయించేరా?”

“దర్భలతో బొమ్మ కట్టి కాల్చమన్నారు పంతులుగారు. గడ్డిబొమ్మని చూసి ఆయననుకోమంటే నా వల్ల కాలేదు.”

“పోనీ, ఈ ఇసక మూట కట్టిస్తాను. సముద్రంలో కలిపీండి. మనసు తేలికవుద్ది.”

“సముద్రానికి ఒకసారి ఇచ్చింది చాలు భయ్యా. రంగేసినాక ఆ ఇసక మళ్లీ లోపలే పోసీసి, కన్నాలు మూసీ.”

“అదెలాగ దీదీ? ఇది ఉప్పు ఇసక. పైన ఎంత మంచి రంగేసినా లోపల్నించి మళ్లీ తుప్పట్టీద్ది.”

“పట్టనీ. మళ్లీ తెస్తాను. మళ్లీ గీకుదువు గాని.”