హైడ్రోజన్‌కి ఇచ్చిన తోపు

బంగారుపాళ్యం దగ్గర, చెట్లు నరికేసిన మామిడితోపులో ఏకాంబరం. తిరుపతి ఆఫీసు నుంచి పొద్దున బస్సుకు వచ్చిన కూతురు నందిని.

“రారంటే? ఈ నెల రారా, అసలుకే రారా?”

“అసలుకే రారు నాయనా. హైడ్రోజన్ ప్లాంటు మానుకున్నారు మా కంపెనీవాళ్ళు.”

“మానుకున్నారా! కొండకి పొయ్యే బస్సులన్నీ మన తోపులో తీసే హైడ్రోజన్‌తోనే తిరగతాయంటివి గదమ్మా.”

“అప్పుడట్లే అనుకున్నాం. ఇప్పుడు బస్సులకి బ్యాటరీలే పెడతా ఉండారు.”

“బ్యాటరీ కంటే ఇదే మేలంటివే.”

“దూరం పొయ్యే లారీలకైనా మేలవుతాదనుకున్నాం. లెక్కేస్తే నిలబడలా. ఎండకి పుట్టే కరెంటు నూరు పాళ్ళనుకో. దాంతో నీళ్ళని విడగొట్టి, హైడ్రోజన్ తీసి, నింపి, మళ్ళీ బండి నడిపేతలికి ముప్పై పాళ్ళే మిగలతాది. అదే బ్యాటరీలో పెడితే ఎనభై దక్కతాది. వాటి ధర గూడా పడిపాయె.”

“సరే, ఆ బ్యాటరీలే ఈడ పెట్టుకోమను. ఆరెకరాలు సదును చేసి పెట్టినా. మొద్దులు గూడా పెరికించినా, సూడు.”

“వాటికి ఇంత నేల అక్కర్లేదు నాయనా. సబ్‌స్టేషన్ పక్కన అరెకరా చాలంట.”

“మరి అగ్రిమెంటు...”

“రాసుకోలేదు గదా. మాటే గదా.”

“మాటే. ఆ, మాటే.”

“నాయనా...”

“ఏడవబాక. నీ ఉద్యోగం ఉండాదా?”

“ఉండాది.”

“అది సాలు. మళ్ళీ బేనీషా మామిడి మొక్కలే తెచ్చి పెడతా.”

“కాపుకి ఎన్నేండ్లు పడతాది?”

“ఐదారేండ్లు. మీ అమ్మ కడవలతో నీళ్ళు మోసి పెంచిందే, అంత తోపు కావాలంటే ఇరవై. నాకిప్పుడు అరవై ఎనిమిది. పోనీలే, ఎవురికి రాసిపెట్టుంటే వాళ్ళు తింటారు.”

“నన్ను తిట్టు నాయనా.”

“నిన్నెందుకు తిట్టేది? పెద్దోళ్ళు మానుకుంటే నువ్వేం జేస్తావు? నీకూ ఇప్పుడే గదా తెలిసింది.”

“అది గాదు నాయనా...”

“నందినీ?”

“ఆ లెక్క వేసింది నేనే.”

“ఏస్తే ఏమి. అది నీ పని. ఉండేది ఉన్నట్టు రాసినావు, తప్పేముండాది?”

“ఎప్పుడు వేసినానని అడగవేం?”

“ఎప్పుడు?”

“శివరాత్రికి ముందే. బయట చెప్తే ఉద్యోగం పోతాదన్నారు. ఇంట్లో గూడా చెప్పగూడదన్నారు.”

“శివరాత్రికి ముందేనా.”

“ఏమన్నా అను నాయనా.”

“శివరాత్రి మర్నాడే గదమ్మా... చెట్లు పూత మీదుండాయి, రంపమోళ్ళు వచ్చి నిలబడుండారు, కొట్టించేదా అని నీకు ఫోన్ చేసి అడిగితిని. ‘నీ ఇష్టం నాయనా’ అంటివి.”