బొగ్గుబాయిల వడ్డ కాఫీ

“నమ్మనోడు ఇప్పుడే లేచి పోవచ్చు. నడిమిట్ల లేస్తె మాత్రం ఊకోను” అనుకుంట హనుమండ్లు బెంచీ మీదికి రెండు కాళ్లు గుంజుకొని కూసున్నడు. ఎవ్వరూ లేవలే. బొగ్గుబాయిల పనిచేసి రిటైరైన ఆ బెల్లంపల్లి ముసలోళ్లకు, రాజక్క బండి కాడ పొద్దుగాల హనుమండ్లు కోతలు వినకుంటె చాయ గొంతు దిగదు.

కని ఆ పొద్దు ఆయన చేతిల గిలాస లేదు. బజార్ల కొత్తగ తెరిచిన కాఫీ షాపుల కాఫీ తాగినోళ్లకు తన కాడ చాయ బంద్ అని రాజక్క ఎప్పుడో చెప్పింది. హనుమండ్లు ఆడ గిలాసెత్తి గటగట తాగుతుంటె అద్దాల తలుపులకెల్లి చూసినని సారయ్య వచ్చి రాజక్కకు చాడీ మోసిండు.

పోయిన మాట నిజమేనని హనుమండ్లు ఒప్పుకున్నడు. షాపు ముంగట ఫ్లెక్సీ మీద ‘క్రియేటివ్ బ్రంచ్’ అని ఉంటె, యూనియనోళ్లు కొత్త బ్రాంచి పెట్టిన్రనుకొని ఎర్ర కండువ ఏసుకొని పోయిండట. తీరా చూస్తె అది పొద్దటి నాష్టా, పగటి బువ్వ ఒక్కపారే తినుకుంట బొమ్మలేసే ప్రోగ్రామట. షాపు నడిపే పిల్ల అలేఖ్య, కూసో తాతా అని ఒక మట్టి కప్పు, బ్రష్షు చేతిల పెట్టిందట.

“కప్పు లోపట మన బాయి బొమ్మ గీసిన. చిన్నదే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అలేఖ్య కాఫీ వోసింది, కప్పు నిండలే. కెటిలంత వోసింది, నిండలే. నేను గీసిన బాయి అంత లోతు మరి.”

“కప్పుకు బొక్కుండొచ్చు” అన్నడు సారయ్య.

ఆ మాట చెవిన పెట్టకుంట హనుమండ్లు ఇంకింత లోతుకు దిగిండు. షాపుల పాలు ఒడిసిపోతె మంచిర్యాల నుంచి ట్యాంకర్ తెప్పిచ్చిన్రట, అది గుడ కప్పులకే పోయిందట. గప్పుడు కప్పు అడుగుకెల్లి సైరన్ మోగిందట, బొగ్గు దుమ్ము లేసి షాపంత దగ్గుడు పట్టిందట.

“కిందికెల్లి మొత్తుకుంటున్నరు, కాఫీ సాలు, జర చక్కెర పంపుండ్రని. గొంతులు గుర్తువట్టిన. మా షిఫ్టోళ్లే. పింఛన్లు తీసుకుంటున్నరు గని ఇంక పైకెక్కనే లేదు. గట్ల కాఫీ మొత్తం బాయిల వడ్డది రాజక్కా. నా పెదవికి సుక్క తాకలే.”

“మరి నువ్వెత్తి తాగిందేందే, హనుమండ్లన్నా?” అని సారయ్య అడిగిండు.

హనుమండ్లు కండువ సర్దుకున్నడు.

రాజక్క చాయ వడవోసుకుంటనే అన్నది: “అలేఖ్య దినాం ఈడికే వచ్చి చాయ తాగిపోతది. పొద్దుగాల అంత చెప్పింది. ఆ గిలాసల నల్లగున్నయి బ్రష్షులు కడిగిన నీళ్లు. అన్న గుటుక్కున మింగి, మస్తు కడక్ ఉంది బిడ్డా, ఇంకింత పొయ్యి అన్నడట.”

బెంచీ బెంచీ నవ్వుకు ఊగింది. సారయ్యకు చాయ ముక్కులకెక్కింది. హనుమండ్లు మెల్లగ మీసం దువ్వుకున్నడు. ఆ ఖాళీ చెయ్యిని రాజక్క ముంగటికి సాపిండు.

“మరింకేంది? నేను కాఫీ తాగలేదని నీ నోటితోనే అంటివి. గిలాస ఇటియ్యి. సాక్షి కావాల్నా? అలేఖ్య.”