వెనక సైకిల్ బ్రేకు

గిప్స్‌లాండ్ కొండల్లో అడవి అంటుకుంది. రోడ్డంతా కార్లతో మూసుకుపోయింది. కూతురు ఎక్కిన చిన్న సైకిల్‌ని కడ్డీతో వెనక తగిలించుకుని, తన ఎత్తుకు మించిన సైకిల్ మీద ఆమె పట్టాలు తీసేసిన పాత రైలుకట్ట వెంట తొక్కుతోంది.

"అమ్మా, నాన్న వస్తున్నాడా?"

"ఇల్లు అంటుకోకుండా నీళ్లతో తడిపేసి వస్తానన్నాడుగా. నువ్వు తొక్కు తల్లీ."

"తొక్కుతూనే ఉన్నా."

"మరి ఇంత బరువేంటే? నా కాళ్లు పడిపోతున్నాయి. చక్రం పట్టేసిందా?"

"లేదమ్మా."

"నిప్పురవ్వలు మీద పడుతున్నాయే! నిజం చెప్పు, బ్రేకు పట్టుకున్నావా?"

ఆమె తిరిగి చూస్తే, పాప వేళ్లు బ్రేకు మీద బిగిసి ఉన్నాయి.

"చంపుతావా నన్ను? వదులు!"

"వదిలితే మనం జోరుగా వెళ్లిపోతాం. నాన్న మనల్ని ఎలా అందుకుంటాడు?"

"నాన్న నాకంటే జోరుగా తొక్కుతాడు. వదులమ్మా, నీకు దండం పెడతా."

"దేని మీద తొక్కుతాడు? నాన్న సైకిల్ నువ్వు తెచ్చేశావుగా!"