అడుగు వాల్వ్ ఎటు తెరుచుకోవాలి

అమ్మలారా, అయ్యలారా, మన అక్క దగ్గర చదువుకున్న పిల్లలారా, ఇంత దుఃఖంలోనూ హాలు నిండా వచ్చారు. నేను ప్లంబర్ని. ఇంతమంది పండితులుండగా వీడికి మైకు ఎవరిచ్చారని మీకు అనిపించవచ్చు. అక్క కూతురే ఇచ్చింది. కాస్త ఓపిక పట్టండి.

పాతకాలపు గ్రీకు శాస్త్ర గ్రంథాలను అయిదువందల ఏళ్ళ కిందట లాటిన్‌లోకి ఎవరు, ఎలా అనువదించారో అక్క ముప్పై ఏళ్ళు వెతికింది. నాకు ఆ రెండు భాషలూ రావు. నీళ్ళు ఎటు పోతాయో మాత్రం తెలుసు.

ఆరేళ్ళ కిందట వాళ్ళింట్లో సింకు కారుతుంటే వెళ్ళాను. నేను సింకు కింద దూరి ఉండగా, అక్క వచ్చి నేల మీదే కూర్చుని ఒక చేతిపంపు బొమ్మ చూపించింది. "తమ్ముడూ, ఈ అడుగు వాల్వ్ లోపలికి తెరుచుకోవాలా, బయటికా?" అంది. అడుగు వాల్వంటే పంపు అడుగున నీళ్ళు వచ్చే దారికి ఉండే మూతండీ. లోపలికేనక్కా, బయటికైతే చుక్క కూడా పైకెక్కదు అన్నాను. అక్క ముఖం పాలిపోయింది.

ఎందుకో తెలుసా? గ్రీకు చేతిరాత ప్రతిలో 'బయటికి' అని ఉంది. అనువాదకుడు 'లోపలికి' అని రాశాడు. వాడికి గ్రీకే సరిగా రాదని అక్క తన మొదటి పుస్తకంలో ఉతికి ఆరేసింది. ఆవిడకు పేరు తెచ్చిన పుస్తకం అదే.

ఇంక సింకు ఎవరికి గుర్తుంటుంది? ఆ వారమే ఇద్దరం వాళ్ళ భోజనాల బల్ల మీద ఇత్తడి గొట్టాలతో, తోలు వాషర్లతో రెండు పంపులు చేశాం. గ్రీకు ప్రతి ప్రకారం చేసింది మొరాయించింది. అనువాదకుడు చెప్పినట్టు చేసినదాని పిడి రెండోసారి నొక్కేసరికి నీళ్ళు ఎగిరి సీలింగుకు కొట్టాయి. అక్క తడిసి ముద్దయింది. ఆ వయసులో గెంతింది. "వాడు చేసి చూశాడు తమ్ముడూ! చేసి చూసి మరీ రాశాడు" అని ఒకటే మాట.

"నా పుస్తకం తప్పని నేనే రాస్తాను" అంది అక్క. పరువు పోతుంది, ఇప్పుడు అడిగేదెవరు అని శిష్యులు బతిమాలారు. "చచ్చినవాడు వచ్చి అడగలేడు కదా. అందుకే మనం చెప్పాలి" అంది. చెప్పింది. నిండు సభలో, ఎప్పుడో పోయిన మనిషికి క్షమాపణ చెప్పుకుంది.

మొన్న పత్రికలో, ఈ రహస్యం కనిపెట్టింది ఒక ప్లంబరని రాశారు. కాదండీ. నేను చెప్పింది ఏ ప్లంబరైనా చెబుతాడు. ముప్పై ఏళ్ళ పేరును పక్కన పెట్టి, నేనే తప్పేమోనని ఎవరడుగుతారు? అక్క అడిగింది. ఇప్పుడు ఆవిడ వచ్చి చెప్పే వీల్లేదు. అందుకే నేను చెబుతున్నాను.

ఆ సింకు ఇంకా కారుతూనే ఉంది. రేపు వెళ్ళి బాగు చేస్తాను.

అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. తర్వాత ఇటు రండి. పంపులు రెండూ ఈ బల్ల మీదే ఉన్నాయి, ఒక్కొక్కరూ పిడి నొక్కి చూడండి. చూడకుండా నా మాట నమ్మితే అక్క ఒప్పుకోదు.