రాయమల్లు నడుము

గోదావరిఖని, డెబ్బై నాలుగో సంవత్సరం. బొగ్గుగనిలో పైకప్పు కూలి నడుము విరిగిన రాయమల్లు, పట్టపగలు తన క్వార్టరులో చాప మీద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. పక్కన భార్య సారవ్వ.

"ఊపిరి ఇడువు. పొట్ట లోపటికి గుంజు. ఆ, గిప్పుడు కాళ్లు లేపు."

"లేపిన. సూడే సారవ్వా, ఎంత మీదికి లేచినయో!"

"సూస్తున్న."

"గంతేనా? సంబరం లేదా నీకు? ఏడు నెలలు మంచంల కుళ్లినోన్ని. దవాఖానల సుగుణమణి సిస్టరు పుణ్యమే గిది. జర్మనీ డాక్టరమ్మ దగ్గర నేర్చుకున్నదట. గీ కసరత్తును పిలాటీస్ అంటరట. ఒళ్లు వంచుడొక్కటే కాదు, మనసు గూడ నడుము కాడనే పెట్టాలెనట."

"నీ మనసు యాడున్నది?"

"గనిల. రేపు డాక్టర్ల బోర్డు ముంగట లేచి నిలబడ్తె, సోమవారం డ్యూటీ."

"నిలబడకు. ఇంక నొస్తుందని చెప్పు."

"థూ! అబద్దమాడాల్నా? అన్‌ఫిట్ అని రాస్తరు, కంపెనీ రూలు మీద నా నౌకరి తమ్ముడు సదయ్యకు పోతది. పొద్దటిసంది వాడు మూడుసార్లొచ్చిండు, నడుమెట్లున్నదన్నా అనుకుంట. వాని సూపే మంచిగ లేదు... అగో, తలుపు కొడ్తుండు. తియ్యకు."

"నేనే రమ్మన్న."

"నువ్వా? ఎందుకే?"

"రా సదయ్యా. గొళ్లెం పెట్టు."

"వదినే, అన్నకు చెప్పినవా?"

"ఏం చెప్పుడురా? సారవ్వా, ఏంది గిది? నన్ను లేవనియ్యి."

"పండుకో. మా నాయిన గా గనిలనే పోయిండు. మా అన్న గూడ. నిన్ను మోసుకొచ్చిన్నాడే మొక్కుకున్న, మంచంల పడున్నా సరే, ఈయన నాకుండాలె అని."

"నాకు నయమైందే!"

"గదే నా భయం. ఈ ఏడు నెలలే నేను కంటినిండ నిద్రపోయిన. రేపు నువ్వు లేవద్దు."

"సదయ్యా, నువ్వన్న చెప్పురా! గని నిన్ను మాత్రం ఇడుస్తదా?"

"నాకు ముగ్గురు పిల్లలన్నా. ఏం తినాలె?"

"సారవ్వా, నీ కాళ్లు మొక్కుత..."

"అరవకయ్యా. బతికినన్ని దినాలు నా చేతితోనే బువ్వ తినిపిస్త. సదయ్యా, భుజాలు గట్టిగ పట్టు. నడుము సంగతి నేను సూస్కుంట."